సొరకు ముల్లుండదు

ఆదివారం పొద్దున తొమ్మిది దాటాక మా వీధిలోకి చేపల ఆటో వస్తుంది. పూడిమడకలో ఐసు పెట్టెలు ఎక్కించుకుని, దారిలో ఊళ్ళన్నీ తిరిగి, నర్సీపట్నం చేరేసరికి ఆ వేళవుతుంది. డ్రైవరు తన గొంతే రికార్డు చేసి మైకులో పెట్టుకున్నాడు. "వంజరం, సందువా, రొయ్యలు, కానాగంతలు, పాలసొర" అని అదే వరసలో, మధ్యలో వచ్చే దగ్గుతో సహా, వీధి చివరిదాకా వినిపిస్తుంది. మొన్న నేను గేటు దగ్గర నిలబడి ఉండగా అతను ఆఖరి పెట్టె మూత ఎత్తాడు. ఐసు ముక్కల మధ్య మూరెడేసి పొడవున నాలుగు బూడిదరంగు పిల్ల సొరలు. వాటి మీదుగా ఒక వాసన లేచి నా ముక్కుకు తగిలింది. ఆ వాసనకు నా దగ్గర ఒక పేరుంది. పెట్టుకున్నది నేనే గానీ, వాసనలకు పేర్లు పెట్టడం నాకు నేర్పిన మనిషి శేషాచలం గారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

శేషాచలం గారు విశాఖపట్నంలో ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి ఇన్‌చార్జి. తెనాలి వైపు మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చొక్కా చేతులు ఎప్పుడూ మోచేతుల దాకా మడిచి ఉండేవి, ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరు అన్నం పెడతారన్నట్టు. ఆయన చాలా ఏళ్ళు 'ఊరి ముద్ద' అనే శీర్షిక రాశారు. రేవు, నేవీ, రైల్వే, ఉక్కు ఫ్యాక్టరీ కలిసి ఎక్కడెక్కడి జనాన్నో తెచ్చి విశాఖలో దించేశాయి కదా, వాళ్ళంతా ఇళ్ళలో ఏం వండుకుంటున్నారన్నది ఆయన వెతుకులాట. బెంగాలీ వాళ్ళ వంటిల్లు, మలయాళీల వంటిల్లు, ఒడియా వాళ్ళది, తమిళులది, జాలరిపేటలోని మనవాళ్ళది, అన్నీ తిరిగేవారు. హోటళ్ళ గురించి రాయమంటే విసుక్కునేవారు. కరోనా వచ్చి తగ్గాక ఆయనకు వాసనా రుచీ రెండూ పోయాయి. అందరికీ నెలకో రెండు నెలలకో తిరిగి వచ్చాయి గానీ ఆయనకు రాలేదు. పాత జ్ఞాపకాలతో నెట్టుకురమ్మని పైవాళ్ళు చెప్పినా ఒప్పుకోక శీర్షిక ఆపేశారట. దానికి కొత్త మనిషి కావాలని ప్రకటన వస్తే, ఎం.ఏ. తెలుగు చదివి, బలిఘట్టం దగ్గర ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకుంటున్న నేను దరఖాస్తు పెట్టాను.

ఇంటర్వ్యూకి ఆఖరున పిలిచారు. రెండు బస్సులు మారి, ఎండలో నడిచి, మూడు గంటలు బల్ల మీద కూర్చుని నాకు అప్పటికే ఒళ్ళు మండిపోతోంది. ఆయన నా సర్టిఫికెట్లు తెరవనైనా తెరవలేదు. పొద్దున ఏం తిని బయలుదేరావమ్మా అని అడిగారు. చద్దన్నం అండీ అన్నాను. ఎలా ఉందన్నారు. బాగుందండీ అన్నాను.

"బాగుందంటే నాకేమీ తెలియలేదు. నేను ఈ మధ్య ఏం తిన్నా ఒకటే, గడ్డి తిన్నట్టు ఉంటోంది. నాకు తెలిసేట్టు చెప్పు," అన్నారు.

చిరాకేసింది. ఆ చిరాకులోనే గడగడా చెప్పేశాను. రాత్రి అమ్మ ఎసరు ఎక్కువ పోసిందని, అందుకని మెతుకు చిట్లి గంజి పట్టిందని, ఉల్లిపాయ కొరికితే ఘాటు ముక్కులోకి ఎక్కలేదు కాబట్టి అది పాత ఉల్లిపాయని, ఆవకాయ జాడీ అడుక్కి వచ్చేసి ముక్కలో ఊట పోయి ఉప్పే మిగిలిందని. ఇక ఈ ఉద్యోగం రాదులే అనుకుంటూ తల ఎత్తి చూస్తే, ఆయన కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నారు. "సోమవారం నుంచి వచ్చెయ్యమ్మా మణీ," అన్నారు కళ్ళు తెరవకుండానే. నా పూర్తి పేరు నాగమణి. దరఖాస్తులో ఆయన చదివింది అదొక్కటే అనుకుంటాను.

ఆయన దగ్గర పని చేయడమంటే కొన్ని మాటలు వదులుకోవడం. బాగుంది, కమ్మగా ఉంది, అద్భుతం, నోరూరించే, ఇవేవీ రాయకూడదు. ఏ రుచినైనా నా చిన్నప్పుడు మా ఊళ్ళో తిన్నదానితోనో, చూసినదానితోనో పోల్చి చెప్పాలి. "నీకు తెలియని వస్తువు గురించి నీకు తెలిసిన సరుకుతో చెప్పు. అప్పుడు నాకూ తెలుస్తుంది," అనేవారు. వారంలో రెండు రోజులు నేను ఎవరో ఒకరి ఇంటికి వెళ్ళి తిని వచ్చేదాన్ని. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన తన క్యారేజీ విప్పేవారు. అందులో ఎప్పుడూ పెరుగన్నమే. ఏదైనా ఒకటే అయినప్పుడు మింగడానికి సులువైంది తింటే సరిపోతుంది కదా అనేవారు. నేను ఎదురుగా కూర్చుని తిన్నదేమిటో చెప్పాలి. నేను చెబుతుంటే ఆయన ఆ పెరుగన్నం తినేవారు. మొదట్లో నాకది వింతగా, కొంచెం ఇబ్బందిగా కూడా ఉండేది.

రైల్వే క్వార్టర్సులో ఒక బెంగాలీ ఆవిడ ఆవముద్ద పట్టించి ఆవిరి మీద ఉడికించిన చేప పెట్టింది. ఆవకాయ కలిపే రోజున గిన్నె మీదికి వంగితే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయే, ఆ ఘాటు ఉంది గానీ కారం లేదు, మంట మొదలయ్యేలోగా ఆగిపోయింది అని చెప్పాను. ఆయన ముద్ద పట్టుకుని తల ఊపారు. రేవు దగ్గర ఒక మలయాళీ ఇంట్లో చేపల పులుసులో చింతపండుకు బదులు నల్లటి పులుపు తొక్క ఏదో వేశారు. కొయ్యూరు కొండవాళ్ళు సంతకు తెచ్చే చింతపండును అమ్మ పొయ్యి పైన అటక మీద పెట్టి మరిచిపోతే పొగచూరిపోయేది, పులుసు పెడితే పొగ కూడా పులుసులోకి దిగేది, అచ్చం అదేనండీ అన్నాను. ఒడియా వాళ్ళింట్లో నీళ్ళన్నం, కాల్చిన ఎండుచేప పెట్టారు. ఇది మా చద్దన్నమే, పేరు మార్చుకుని వచ్చింది అన్నాను. ఆ వేళ ఆయన నవ్వి పొరబోయి నీళ్ళు తాగారు. ఊరంతా తిరిగి కొత్త రుచులు తెలుసుకుంటున్నానని నేను అనుకునేదాన్ని. నిజానికి ప్రతిసారీ మా నర్సీపట్నంలో ఏమున్నాయో వెతుక్కోవలసి వచ్చేది. జీడిపిక్కలు కాల్చిన పొగ, బెల్లం పెనం మీద మడ్డి, కోటవురట్లలో మా మేనత్త ఇంటి పాలమీగడ, ఇవన్నీ నాలో ఉన్నాయని నాకు తెలిసింది ఆ గదిలోనే.

ఒక రోజు ఆయనే తన కథ చెప్పారు. ఉద్యోగానికి విశాఖ వచ్చిన కొత్తలో ఆయన పూర్తి శాకాహారి. ఇంట్లో తరతరాలుగా గుడ్డు కూడా ఎరగరు. రేవు దగ్గర ఒక మెస్సులో భోజనానికి కూర్చుంటే వడ్డించే ఆవిడ "సొర పొడికూరండి, ఏసీమంటారా?" అని అడిగింది. తెనాలిలో సొర అంటే సొరకాయ. వెయ్యమన్నారు. తెల్లగా, పొడిపొడిగా, వెల్లుల్లి వేసి బాగా వేయించి ఉంది. రెండుసార్లు మారు వేయించుకున్నారు. మూడోసారి, సొరకాయ ఇంత పొడిపొడిగా ఎలా వచ్చిందమ్మా అని అడిగేసరికి మెస్సంతా గొల్లున నవ్వింది. మా వైపు సొరకాయను ఆనపకాయ అంటాం. సొర అంటే సముద్రంలో ఉండేదే.

"మరేం చేశారండీ?" అన్నాను నవ్వు ఆపుకోలేక.

"చెయ్యి కడుక్కుని వచ్చేశాను. కులం పోయిందనీ, నాన్నకు తెలిస్తే ఏమవుతుందోననీ నాలుగు రోజులు నిద్రపట్టలేదు. అయిదో రోజు మళ్ళీ అదే మెస్సుకు వెళ్ళాను," అన్నారు. అప్పట్నుంచి ఏది పెట్టినా ముందు తిని, తరువాత పేరడగడం అలవాటైందట. "ఆ రుచి ఒక్కసారి మళ్ళీ తెలిస్తే చాలమ్మా. మిగతావి పోతే పోనీ," అని క్యారేజీ మూత పెట్టేశారు. ఆ తరువాతి వారానికి నాకు అప్పగించిన పని సొర.

తెల్లారి హార్బరుకు వెళ్ళాను. వరసగా గంపలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళలో అప్పయ్యమ్మ అనే ఆవిడ దగ్గర పాలసొరలు కనిపించాయి. వండేవాళ్ళెవరైనా ఉన్నారా, తినిపిస్తారా అని అడగడానికి నోరు తెరిచానో లేదో, ఆవిడ నన్ను కిందా మీదా చూసింది. "ఏటి పాపా, పాలసొరా? పురుడెవులికి? నీకేనేటి?" అంది గట్టిగా. పాలసొర పాలు పడడానికి బాలింతలకు పెట్టే చేప. నాకు అప్పటికి పెళ్ళి కాలేదు. "మెళ్ళో ఏటీ నేదు, పాలసొరకొచ్చింది సూడండే," అని పక్కావిడ అందుకుంది. వరసంతా నవ్వు. దానికి తోడు ఆ గంప నుంచి లేచిన వాసనకు చెయ్యి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. నాకు సిగ్గు వస్తే కోపంగా మారుతుంది, కోపం వస్తే కాళ్ళు అక్కడ నిలవవు. వెనక్కి తిరిగి చూడకుండా ఆటో ఎక్కేశాను. దారిలో అమ్మకు ఫోన్ చేసి సొర ఎలా వండుతారే అని అడిగాను. "అది బాలింతలు తినేది గదే. నీకెందుకే ఇప్పుడు? ఏటైంది?" అంది అమ్మ, గొంతు మారిపోయి. ఏమీ కాలేదని ఒట్టు పెట్టి నమ్మించేసరికి ఆఫీసు వచ్చేసింది.

తినకుండానే రాసేశాను. మా ఊళ్ళో చెరువు గండికి పడిన బొచ్చె, రాగండి చేపలు తిన్న అనుభవం ఉంది, వెల్లుల్లి పొడికూర అని ఆయన చెప్పింది గుర్తుంది. రెండూ కలిపి అల్లాను. కాగితం మీద చక్కగానే కుదిరింది. ఒంటిగంటకు ఆయన క్యారేజీ విప్పి, వ్యాసం పక్కన పెట్టుకుని, చెప్పమ్మా అన్నారు. చెప్పాను. పెరుగన్నం ముద్ద మీద ముద్ద తింటున్నారు. ఎన్నడూ లేనంత ఇష్టంగా తింటున్నారనిపించింది. 'ముళ్ళు జాగ్రత్తగా ఏరుకుని' అన్న చోటుకు వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"ముళ్ళున్నాయా?" అన్నారు.

"ఉన్నాయండీ."

"ఎక్కువా?"

"సన్నవి, చాలా ఉన్నాయండీ. ఒకటి గొంతులో కూడా గుచ్చుకుంది," అన్నాను. అబద్ధం మొదలుపెట్టాక దానికి చొక్కా లాగూ కూడా తొడగడం నాకు బాగా వచ్చు.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చారు. క్యారేజీలో అన్నం సగం మిగిలే ఉంది. "సొరకు ముల్లుండదమ్మా. మధ్యలో మెత్తటి ఎముక ఒక్కటే. అందుకే బాలింతలకీ పసిపిల్లలకీ పెడతారు," అన్నారు. కేకలు వేసి ఉంటే బాగుండేది. నా వైపు చూడకుండా మాట్లాడారు. "నాకు నోరు లేదు మణీ. నువ్వు పెట్టిన ముద్ద చూసుకోకుండా మింగుతున్నాను. బెంగాలీ వాళ్ళ చేప తిన్నావా? మలయాళీ పులుసు తిన్నావా? ఇప్పుడు నాకు అవి కూడా అనుమానమే."

తిన్నానండీ, అమ్మతోడు అన్నాను. తల ఊపారు గానీ నమ్మినట్టు లేదు. ఆ వారం 'ఊరి ముద్ద' రాలేదు. దాని స్థానంలో జుట్టు రాలకుండా చిట్కాలు వచ్చాయి. ఉద్యోగం తీసేయలేదు, అదింకా కష్టమైంది. ఒంటిగంటకు నన్ను పిలవడం మానేశారు. గది అద్దం అవతల ఆయన తల వంచుకుని ఒక్కరే పెరుగన్నం మింగుతుంటే చూడలేక నేను మెట్ల మీద కూర్చుని తినేదాన్ని. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉంది, లేదనను. అంతకన్నా, ఆయన అన్నం తినే తీరు మళ్ళీ మొదటిలాగే అయిపోయిందన్న బాధ ఎక్కువగా ఉండేది.

నాలుగో రోజు మళ్ళీ హార్బరుకు వెళ్ళాను. అప్పయ్యమ్మ నన్ను దూరం నుంచే గుర్తుపట్టింది. "మొన్న పారిపోనావు గదా," అంది.

"పురుడు నాకు కాదండీ. పేపర్లో రాయడానికి తినాలి," అన్నాను.

"రాయడానికి తింతారేటి ఎవులైనా? ఆకలేసి తింతారు గాని," అని కాసేపు నా మొహం చూసింది. ఏం కనిపించిందో, గంప పక్కనే ఉన్న చెల్లెలికి అప్పజెప్పి లేచింది. "రా. మా పిల్లకి పురుడొచ్చి పన్నెండ్రోజులైంది. దానికి సేసిందుంది."

ఒకే గది ఇల్లు. మంచం మీద బాలింత, పక్కన గుడ్డల మూటలో చంటిది. చేసి ఉంచింది చాలదని నా కళ్ళ ముందే అప్పయ్యమ్మ ఇంకో సొరకు వేణ్ణీళ్ళు పోసి గరుకు చర్మం గీకింది, పసుపేసి ఉడికించి పిండింది, వేళ్ళతో పొడి చేసి వెల్లుల్లి దండిగా వేసి వేయించింది. బాలింత కంచంలోంచే కొంత తీసి నాకూ ఒక కంచంలో పెట్టింది. "బేగి తిను. సల్లారితే నీసు పైకొస్తాది," అంది. మొదటి ముద్ద ఊపిరి బిగబట్టి పెట్టుకున్నాను. అప్పుడు శేషాచలం గారు గుర్తొచ్చారు. ఊపిరి బిగబడితే సగం అబద్ధమే కదా అనుకుని వదిలేశాను. కంచం ఖాళీ చేసేదాకా లేవలేదు. ఆ బాలింత నన్ను చూసి, ఇంకొంచెం ఎయ్యవే అమ్మా, పాపం ఆకలి మీదున్నాది అంది.

ఒంటిగంటకు పిలవకుండానే ఆయన గదిలోకి వెళ్ళాను. కాగితం తీసుకెళ్ళలేదు. ఆయన కూర్చోమని కూడా అనలేదు. నిలబడే చెప్పాను.

"ముందు ముక్కుకు తగిలిందండీ. మా నాన్న వరికి వేయడానికి యూరియా బస్తా కుట్టు విప్పితే, తడిగాలి తగిలి కళ్ళలోకి ఒక ఘాటు కొడుతుంది. అది. ఒక్క క్షణమే. నోట్లోకి వచ్చాక అది లేదు, వెల్లుల్లి ఉంది. ముక్క అని చెప్పడానికి లేదు, లేత కొబ్బరి తురిమి నీళ్ళు పిండేసినట్టుంది. నమిలితే కొంచెం తీపి. ముల్లు లేదండీ."

ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "యూరియానా?" అన్నారు.

"అవునండీ. కొంచెమే."

"ఆ రోజు మెస్సులో మొదటి ముద్దకు నేనేమనుకున్నానో తెలుసా? ఈ ఊళ్ళో సొరకాయలకు ఎరువు ఎక్కువ వేస్తారు కాబోలు అనుకున్నాను. ఇది నేనెవరికీ చెప్పలేదు మణీ. నాకే గుర్తు లేదు. ఇప్పుడు వచ్చింది." ఆ ముద్ద నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలారు. ఇంకోటి పెట్టుకున్నారు. కళ్ళు తడిశాయి, తుడుచుకోలేదు. "కూర్చోమ్మా, మళ్ళీ మొదట్నుంచి చెప్పు," అన్నారు. క్యారేజీ ఖాళీ అయ్యేదాకా మూడుసార్లు చెప్పాను. జీవితంలో నాకు వచ్చిన మెప్పులు ఏవేవో ఉన్నాయి గానీ, ఆ ఖాళీ గిన్నె ముందు అవి నిలవవు.

ఆ తరువాత రెండేళ్ళకు అనుబంధమే మూసేశారు. ఆయన రిటైరై విశాఖలోనే ఉండిపోయారు. నేను పెళ్ళి చేసుకుని నర్సీపట్నం వచ్చి బళ్ళో తెలుగు పాఠాలకు చేరిపోయాను. ఆదివారం పదకొండు గంటలకు ఫోన్ మోగేది. "ఈ వారం ఏం తిన్నావు?" అనేవారు. ఏమీ లేదండీ, వంకాయ కూరే అన్నా వదిలేవారు కాదు, ఎలాంటి వంకాయో చెప్పమనేవారు. కడుపుతో ఉన్న తొమ్మిది నెలలూ నాకే రుచి తెలియలేదు, అయినా గుర్తున్నవి చెబుతానంటే ఒప్పుకోలేదు. తెలియకపోతే తెలియలేదని చెప్పమ్మా, అది కూడా నాకు బాగా తెలిసిన రుచే అన్నారు. పురుడు వచ్చాక నిజంగానే పాలసొర తిన్నాను. అది చెప్పినప్పుడు ఆయన నవ్విన నవ్వు ఇంకా నా చెవిలో ఉంది.

ఆయన పోయారని తెలిసి వెళ్ళినప్పుడు భార్య సుశీల గారు నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి కాఫీ ఇచ్చారు. ఆవిడ ఈనాటికీ పూర్తి శాకాహారి. "నీకొక మాట చెప్పాలమ్మా," అన్నారు. "ఆయనకు వాసన తెలియడం మొదలై ఏడాది పైనే అయింది. రుచీ కొంత వచ్చింది. పాలు మాడితే వీధి గదిలోంచి కేకేసేవారు. నీకు చెప్పొద్దన్నారు. తెలిస్తే ఇక ఆదివారాలు చెప్పడం మానేస్తావేమోనని."

నాకు ముందు కోపమే వచ్చింది. ఒక్క సొర కూరకు నన్ను నాలుగు రోజులు మెట్ల మీద కూర్చోబెట్టిన మనిషి, ఏడాది పొడుగునా నాతో ఆడిన నాటకం ఇదా అని. బస్సెక్కాక, అనకాపల్లి దాటాక, ఆ కోపం నీళ్ళయిపోయింది. నోరు తిరిగి వచ్చిన మనిషి, తనకు ఇష్టమైంది తాను తినగలిగీ, నా వంకాయ కూర కబుర్ల కోసం అబద్ధమాడాడు. పక్క సీటావిడ ఏటైందమ్మా అని అడిగే దాకా ఏడుస్తున్నానని నాకు తెలియలేదు.

మొన్న ఆదివారం ఆ పాలసొరలు రెండు కొన్నాను. ఎవరికండీ పురుడు అని ఆటో అతను అడిగాడు. నాకే, తినాలనిపించి కొన్నాను అన్నాను. గీకి, ఉడికించి, పిండి, పొడి చేసి, వేయించాను. కంచంలో పెట్టుకుని ఒక ముద్ద తిన్నాను, ఊపిరి బిగబట్టకుండా. గడియారం పదకొండు చూపిస్తోంది. ఏడాదిగా ఆ వేళకు ఫోన్ తిరగేసి పెట్టేసుకునేదాన్ని, ఆ రోజు తీసి ఆయన నంబరు నొక్కాను. సుశీల గారు ఎత్తారు. పేరు చూసే ఉంటారు. "ఈ వారం ఏం తిన్నావమ్మా?" అన్నారు.

"సొరండీ," అన్నాను.

"ఎలా ఉంది?"

"ఎరువు ఎక్కువ వేసిన సొరకాయలా ఉందండీ."

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు, కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించాయి. "మొదట్నుంచి చెప్పు," అన్నారు సుశీల గారు.